పాట మీద మాట

నా రేడియోలో పాటల కంటే నా మాటలే ఎక్కువ. ఈ సంగతి మొదట కనిపెట్టింది మా బామ్మర్ది. "నీది పాటల రేడియో కాదు బావా. నువ్వు ఊపిరి పీల్చుకునే సందులో పాట వస్తుంది, అంతే," అన్నాడు. వాడు డిగ్రీ చదివాడు, బ్యాంకులో కూర్చుంటాడు, కాబట్టి ఏ మాటన్నా తీర్పు చెప్పినట్టే ఉంటుంది. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బయటికొచ్చినవాణ్ణి. నేనేమన్నా అర్జీ పెట్టుకున్నట్టే ఉంటుంది.

రేడియో అనగానే అద్దాల గది, ఎర్ర లైటు, కుషన్ కుర్చీ అనుకోకండి. మా ఇంటి ముందు గదే స్టేషను. సగం నాది, సగం మా ఆవిడ కుట్టు మిషనుది. నా సగంలో ఒక కంప్యూటరు, ఒక మైకు, ప్రతిధ్వని రాకుండా పాత పరుపు కోసి అతికించిన గోడ. ఆమె సగంలో కత్తిరించిన గుడ్డలు, ఇస్త్రీ బల్ల, అద్దం, కొలతలకొచ్చే ఆడవాళ్ళు. మా ఇంటికి డబ్బు ఏ సగంలోంచి వస్తుందో చెప్పనక్కర్లేదు.

ఇంటర్నెట్‌లో మాత్రమే వినిపించే రేడియో ఇది. దీనికి ముందు నేను క్యాసెట్ల కొట్టు పెట్టాను, క్యాసెట్లు పోయాయి. సీడీల కొట్టు పెట్టాను, సీడీలు పోయాయి. ఫోన్లలోకి పాటలెక్కించే కొట్టు పెట్టాను, ఫోన్లు వాటంతటవే ఎక్కించుకోవడం నేర్చుకున్నాయి. నేను వేలు పెట్టిన వ్యాపారం లోకమంతటా మూతపడుతుందని మా ఆవిడ గట్టి నమ్మకం. "ఈసారి సిగరెట్ల కొట్టు పెట్టండి, జనం బాగుపడతారు," అంటుంది.

వినేవాళ్ళు ఉన్నారు. వీధి చివర సెలూన్, పక్కన మందుల షాపు, ఎదురుగా బేకరీ. పొద్దున షట్టరెత్తగానే మా స్టేషను పెట్టుకుంటారు. నా మీద అభిమానంతో అని నేననుకుంటాను. ప్రకటనలు ఉండవు కాబట్టి అని వాళ్ళంటారు. ప్రకటనలు నేను వద్దనలేదు, ఎవరూ ఇవ్వలేదు. వాళ్ళందరిలో సెలూన్ ఆయన అసలైన శ్రోత. నచ్చకపోతే ఫోన్ చేసి మరీ తిడతాడు. తిట్టాలన్నా వినాలి కదా.

పాట మొదలయ్యాక, గొంతు వచ్చేలోపు కాస్త వాయిద్యాలు మోగుతాయి. మా రేడియోవాళ్ళకి అది ఖాళీ స్థలం, చూస్తూ వదిలెయ్యడానికి మనసొప్పదు. నేను అందులో ఎండ గురించి, ధరల గురించి, మనుషులు మునుపటిలా లేరనే దాని గురించి మాట్లాడి, గాయకుడు నోరు తెరవడానికి రెప్పపాటు ముందు ఆపేస్తాను. అది విద్య. నాకెవరూ నేర్పలేదు, ఎవరూ మెచ్చుకోనూ లేదు. పాట ఆఖరుకి వస్తోందనగానే దాన్ని కిందికి లాగి మళ్ళీ నేను పైకొస్తాను.

ఇంత సొద ఎందుకంటే, ఆ మైకు తప్ప నాకు వేరే దిక్కు లేదు. ఇంట్లో నేను మాట మొదలుపెడితే మా ఆవిడ పూర్తి చేస్తుంది. బజారులో మొదలుపెడితే అవతలివాడికి ఏదో పని గుర్తొస్తుంది. చివరిదాకా వినేది మైకు ఒక్కటే. రేడియో మూతపడితే వ్యాపారం పోయిందని ఏడవను, అది మొదట్నుంచీ లేదు. మాట్లాడే చోటు పోతుంది. నా భయమంతా అదే.

ఆ చోటికి ఎసరు పెట్టడానికి ఒకరోజు పొద్దున లైసెన్సాయన వచ్చాడు.

సన్నటి మనిషి, భుజాన సంచి. చెడ్డ రిపోర్టు చేతిలో పట్టుకున్న డాక్టరులా మెత్తగా మాట్లాడతాడు. "పాటల హక్కుల సంఘాల తరఫున వచ్చానండీ. ఇంటర్నెట్ రేడియోలన్నీ చూస్తున్నాం," అన్నాడు.

నేను కుర్చీలోంచి లేవకుండా గోడకేసి చూపించాను. అక్కడ మా లైసెన్సు ఫ్రేములో ఉంది. మా పెళ్ళి ఫోటో దించి ఆ మేకుకే తగిలించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చివరి అక్షరం దాకా చదివాడు.

"ఇది పాట లైసెన్సండీ."

"పాటలే కదా వేస్తున్నాం."

"రికార్డు లైసెన్సు ఎక్కడండీ?"

నాకు అర్థం కాలేదని నా మొహంలో కనిపించినట్టుంది. ఆయన వచ్చి మా ఆవిడ దగ్గరికొచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. "పాటంటే రాసినవాళ్ళదీ, బాణీ కట్టినవాళ్ళదీ. వాళ్ళ రాయల్టీ మీరు కడుతున్నారు, సంతోషం. రికార్డంటే, ఆ పాటని స్టూడియోలో పాడించి, ఖర్చుపెట్టి తయారుచేసిన కంపెనీది. అది వేరే హక్కు. దానికి వేరే లైసెన్సు, వేరే ఆఫీసు."

"ఒకే పాటని రెండుసార్లు కొనమంటారా?"

"కొనడం కాదండీ. అద్దె."

మా ఆవిడ మిషను ఆపకుండానే అంది. "స్థలం ఒకరిది, దాని మీద ఇల్లు ఇంకొకరిది. ఈయన స్థలానికి అద్దె కట్టి ఇంట్లో కాపురం పెట్టారు. అంతేనా అండీ?"

"అంతేనమ్మా," అన్నాడాయన, ప్రాణం లేచొచ్చినట్టు. "మా ట్రైనింగులో కూడా ఇంత బాగా చెప్పలేదు."

అప్పుడు నేను బతిమాలుకుని ఉంటే పోయేది. గొప్పలకి పోయాను. "మాది మామూలు స్టేషను కాదు సార్. ఈ వీధంతా మాదే మోగుతుంది. సెలూన్‌లో మేమే, మందుల షాపులో మేమే, బేకరీలో..."

ఆయన పెన్ను తీశాడు. "కొట్లలో పాటలు వినిపించాలంటే కొట్లవాళ్ళకి కూడా లైసెన్సుండాలండీ. సెలూన్ ఎక్కడండీ?"

"ఎవరూ వినరు సార్," అన్నాను. "ఊరికే అన్నాను. మా రేడియో మనిషన్నవాడెవడూ వినడు. సెలూన్ ఆయనకి చెవుడు."

"మందుల షాపు?"

"మూసేశారు."

"బేకరీలో?"

"వాళ్ళకి మేమంటే అసహ్యం."

మా ఆవిడ తల వంచుకుని దారం కొరికింది. నవ్వు ఆపుకోవడానికి ఆమెకి అదొక పద్ధతి. నా శ్రోతలందర్నీ నా నోటితోనే చంపుకున్నాక, లైసెన్సాయన నెలాఖరు గడువిచ్చాడు. ఈలోపు రికార్డు లైసెన్సు తీసుకోవాలి, లేదా రికార్డులు వెయ్యడం ఆపాలి. లేకపోతే మా రేడియోని ఇంటర్నెట్‌లోకి ఎక్కించే కంపెనీకి ఆయన ఒక ఫిర్యాదు పంపుతాడు, వాళ్ళు మీట నొక్కేస్తారు. రికార్డు లైసెన్సుకి ఎంత చిన్న స్టేషనైనా కట్టాల్సిన కనీస మొత్తం ఒకటుంది. కంప్యూటర్ని, మైకుని, పరుపుతో సహా నన్నూ కలిపి అమ్మినా అంత రాదు.

సాయంత్రం బామ్మర్ది వచ్చి విషయం విని, తీరిగ్గా టీ తాగి, "మూసెయ్ బావా," అన్నాడు.

"మూసెయ్యడానికి నీకెందుకురా అంత తొందర?"

"నీ మంచికే చెబుతున్నా. పొద్దున లేచి ఎండ గురించి మాట్లాడాలంటే కిటికీ తీసి మాట్లాడుకో. దానికి లైసెన్సు అడగరు."

కోపంలో నాకు అప్పుడప్పుడూ తెలివి వస్తుంది. ఆ రోజు వచ్చింది. "పాట హక్కు మనకుంది కదా. లేనిది రికార్డు హక్కే. మనం రికార్డే వెయ్యకపోతే?"

"వెయ్యకపోతే ఏం వినిపిస్తావు?"

"మనమే పాడదాం."

బామ్మర్ది కప్పు కింద పెట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాడు నన్ను మొదటిసారి గౌరవంగా చూశాడు. ఆ తర్వాత, పాడబోయేది ఎవరో తట్టినట్టుంది, మళ్ళీ కప్పు అందుకున్నాడు.

మర్నాడు నేను పాడాను. ఎలా పాడానో నేను చెబితే బాగుండదు. పాట సగంలో ఉండగా సెలూన్ ఆయన ఫోన్ చేశాడు.

"అన్నా, కుర్చీలో మనిషి సగం గడ్డంతో లేచి నిలబడ్డాడు. ఏమైనా ప్రమాదమా అని అడుగుతున్నాడు."

"అది పాట."

"అవునా. ఇంకా ఎన్నున్నాయి?"

"ఇదొక్కటే."

"సరే, ఆయన్ని కూర్చోమంటా."

అప్పుడు బామ్మర్దే అన్నాడు, "అక్కని పాడమను" అని. మా ఆవిడ మిషను తొక్కుతూ ఎప్పుడూ ఏదో పాడుకుంటూనే ఉంటుంది. ఆ చప్పుడు నాకు ఫ్యాను చప్పుడు లాంటిది. ఆగితే గానీ ఉన్నట్టు తెలియదు. అడిగితే "నాకు పనుంది" అంది. బామ్మర్ది బుజ్జగించాడు. ఇంటర్నెట్‌లో వెతికి, గొంతు లేకుండా వట్టి వాయిద్యాలు మాత్రమే ఉండే కరోకే ట్రాకులు తెచ్చాడు. ఆమె నోట్లో పెట్టుకున్న గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది, నా హెడ్‌ఫోన్లు పెట్టుకుంది, పాడింది.

బాగుందని అనడానికి నాకు కొంచెం టైము పట్టింది. ముందు సౌండు లెవెలు చూసుకున్నాను. తర్వాత వైర్లు చూసుకున్నాను. చూసుకోవడానికి ఇంకేమీ మిగలక, "పర్వాలేదు," అన్నాను.

అలా కుట్టుపనికి అడ్డం రాని వేళల్లో ఆమె పాడటం, బామ్మర్ది దాన్ని కంప్యూటర్లో దాచడం, నేను రోజంతా వాటినే తిప్పి తిప్పి వెయ్యడం మొదలైంది. మందుల షాపు నుంచి ఫోనొచ్చింది. బేకరీ నుంచి ఫోనొచ్చింది. పాత పాటకి కొత్త గొంతు బాగుందన్నారు. నా మాటల గురించి మంచో చెడో ఎవరైనా ఒక ముక్క అంటారేమోనని ప్రతి ఫోనునీ చివరిదాకా పట్టుకున్నాను. సెలూన్ ఆయన కూడా, "పాడేదెవరన్నా? జీతమెంత ఇస్తున్నావు?" అని అడిగాడు.

"మా ఆవిడ."

"అయితే ఇవ్వట్లేదన్నమాట."

నేను మాత్రం నా విద్య వదల్లేదు. ట్రాకు మొదలు కాగానే మాట్లాడాను, ఆఖర్లో మాట్లాడాను, చరణాల మధ్య సందు కాస్త పెద్దదిగా కనిపిస్తే అందులోనూ దూరాను. పాడింది ఇంటిమనిషే కదా అని చనువు.

నెలాఖరు ఇంకా రాకముందే లైసెన్సాయన మళ్ళీ వచ్చాడు. బామ్మర్దికి ఆరోజు సెలవు, ఇంట్లోనే ఉన్నాడు. ఈసారి నేను లేచి నిలబడి స్వాగతం పలికాను. "ఇప్పుడు రికార్డులు వెయ్యట్లేదు సార్. అంతా మా సొంత గొంతే."

"విన్నానండీ. అమ్మ చాలా బాగా పాడుతున్నారు. రోజూ వింటున్నాను," అన్నాడు. మా రేడియో వింటున్నానని అధికారికంగా ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే. "గొంతు మీదే. వెనకాల వాయించింది ఎవరండీ?"

నేను బామ్మర్దిని చూశాను. వాడు ఫ్యాన్ని చూశాడు.

"అది ఇంటర్నెట్‌లోది," అన్నాడు చివరికి.

"ఇంటర్నెట్ వయొలిన్ వాయించదు కదండీ. ఆ ట్రాకూ రికార్డే. దాన్నీ ఒక కంపెనీ మనుషుల్ని పెట్టి వాయింపించింది."

వాళ్ళ ఇంట్లో ఉండకూడదని లేచొచ్చి వాళ్ళ వరండాలోనే పక్కేశామన్నమాట. నా చదువుకి ఆ మాత్రం తెలియకపోతే తప్పులేదు. నేను డిగ్రీ వైపు గుచ్చి గుచ్చి చూశాను. "నాది లోన్ల సెక్షను బావా," అన్నాడు డిగ్రీ.

లైసెన్సాయనకి మా మొహాలు చూసి జాలేసినట్టుంది. సంచి మూసి, గొంతు తగ్గించాడు. "ఒక దారుంది. ట్రాకు లేకుండా, వట్టి గొంతుతో, అప్పటికప్పుడు పాడి వినిపించండి. అక్కడ రికార్డే లేదు కాబట్టి రికార్డు హక్కు ఊసే రాదు. మీకున్న పాట లైసెన్సు సరిపోతుంది. కాకపోతే పాడేవారి ఒప్పుదల ఉండాలి. కాగితం మీద రాసి ఇవ్వాలి."

"అదెంత పని. మా ఆవిడే కదా," అన్నాను.

ఆయన ఈ ఉద్యోగంలో చాలామంది భర్తల్ని చూసినట్టున్నాడు. "అడగండి," అన్నాడు.

మా ఆవిడ మిషను ఆపింది. "వట్టి గొంతంటే ముందు మ్యూజిక్ ఉండదు కదా?"

"ఉండదు."

"చరణాల మధ్యన?"

"అక్కడా ఉండదు."

"మరి మీరెక్కడ మాట్లాడతారు?"

నేను దాని గురించి ఆలోచించనే లేదు. "ఎక్కడో ఓచోట సర్దుకుంటాలే," అన్నాను.

"నా భయం అదే. మొన్న నేను రెండో చరణం ఎత్తుకుంటుంటే మీరు టమాటాల రేటు చెప్పారు. నిన్న నేను పైకి తీసుకెళ్ళిన చోట, ఊపిరి బిగబట్టి తీసుకెళ్ళానండీ నేను దాన్ని, అక్కడ మీరొచ్చి రోడ్డు మీద గుంతల గురించి మాట్లాడారు. బట్టలకొచ్చినవాళ్ళు అడుగుతున్నారు, మీ పాటలో ఎవరో మాట్లాడుతున్నారేంటి, లైను కలిసిపోయిందా అని."

"రేడియో అంటే అలాగే ఉంటుంది."

"ఉండనీండి. నేను ఒప్పుకుంటాను. కానీ నేను నోరు తెరిచినప్పటి నుంచి పాట అయ్యేదాకా మీ మైకు కట్టేసి ఉండాలి. ఇష్టమైతే రాసుకురండి, సంతకం పెడతాను."

నేను లైసెన్సాయన వైపు తిరిగాను. "ఇలా షరతులు పెట్టచ్చని రూల్లో ఉందా?"

"పాడేవారు పెట్టుకోవచ్చండీ. పెద్ద పెద్ద గాయకులు పెడుతూనే ఉంటారు."

"ఈవిడేమైనా పెద్ద గాయకురాలా?"

అనేశాను. కుట్టు మిషను మళ్ళీ మొదలైంది, మునుపటికంటే వేగంగా. బామ్మర్ది నా భుజం మీద చెయ్యి వేసి, "నీ లైసెన్సు ఇప్పుడు రద్దయింది బావా," అని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను పంతానికి పోయాను. పాటలు లేకపోతే కొంప మునగదు, మాటలతోనే నడుపుతానన్నాను. నిజానికి చాలా ఏళ్ళుగా నా మనసులో ఉన్నది అదే. అడ్డొచ్చే పాట లేదు, ఆగాల్సిన పని లేదు. పొద్దున్నే కూర్చుని చదువుల గురించి, ఇరుగుపొరుగు గురించి, నన్ను పైకి రానివ్వని లోకం గురించి కడుపారా మాట్లాడాను. ఇంత చెప్పాల్సింది నాలో ఉందని నాకే తెలియదు. ఎవరికీ తెలియలేదు కూడా.

మధ్యాహ్నానికి సెలూన్ ఆయన ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు మాట్లాడితే బాగానే ఉంటుంది."

"థాంక్స్."

"మధ్యమధ్య పాటలుంటే."

ఎంతమంది వింటున్నారో కంప్యూటరు తెర మూలన ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె పొద్దుట్నుంచీ దిగుతూ దిగుతూ సాయంత్రానికి ఒకటి దగ్గర ఆగింది. పోనీలే, ఒక్కడైనా ఉన్నాడు, నన్ను అర్థం చేసుకున్నవాడు అని ఆ ఒక్కడి కోసం గొంతు సవరించుకుని మనసు విప్పి మాట్లాడాను. మాట్లాడి మాట్లాడి నీళ్ళు తాగడానికి లేస్తే, వంటింట్లో అరుగు మీద నా ఫోన్లోంచి నా గొంతే వినిపిస్తోంది. సౌండు ఎలా వస్తోందో చూద్దామని పొద్దున నేనే పెట్టి మర్చిపోయాను.

ఫోను కట్టేశాను. వెళ్ళి చూస్తే తెర మీద సున్నా.

ఒక తెల్ల కాగితం తీసుకుని మా ఆవిడ సగంలోకి వెళ్ళాను. ఆమె గుడ్డ మీద సుద్దతో గీత గీస్తోంది. తలెత్తలేదు.

"నిన్న నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

"తప్పు," అని పూర్తి చేసింది.

"అవును."

"రాయండి మరి."

రాశాను. ఆమె పాడుతున్నంతసేపు నేను మాట్లాడనని రాసి ఇచ్చాను. చదివి, "దగ్గులూ, నిట్టూర్పులూ కూడా చేర్చండి," అంది. చేర్చాను. "వెనక నుంచి శభాష్ అనడం కూడా వద్దు." అది నేనెప్పుడూ అనలేదు కాబట్టి చేర్చడానికి కాస్త సిగ్గేసింది. ఆమె అరచెయ్యి చీరకి తుడుచుకుని సంతకం పెట్టింది.

గడువు ఆఖరి రోజు పొద్దున లైసెన్సాయన వచ్చి ఆ కాగితం తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. వెళ్ళకుండా స్టూలు మీదే కూర్చున్నాడు. "ఒక పాట విని వెళతానండీ," అన్నాడు.

పాటకి ముందు మాట్లాడే హక్కు నాకుంది. దాన్ని పూర్తిగా వాడుకున్నాను. నమస్కారం చెప్పాను, ఎండ గురించి చెప్పాను, ఇప్పుడొక విశేషం అని చెప్పి ఆ విశేషానికి రాకుండా చాలాసేపు తిరిగాను. మా ఆవిడ, బామ్మర్ది ఆమె కోసం తెచ్చిన రెండో మైకు ముందు నిలబడి, ఓపిగ్గా చూసింది. చివరికి చెయ్యెత్తింది. నేను నా మైకు కట్టేశాను.

వాయిద్యాలు లేవు. ఆమె నేరుగా మాటతోనే ఎత్తుకుంది. మొదటి చరణం అయ్యాక ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ సందులో నా పెదాలు వాటంతటవే విడిపోయాయి, ఒడ్డున పడ్డ చేపలా. మూసుకున్నాను. నా చేతులకి ఏం చెయ్యాలో తెలియలేదు. రెండో చరణంలో ఉండగా జేబులో ఫోను వణికింది. అలవాటు కొద్దీ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అన్నా, నీ గొంతు రావట్లేదేంటి?" సెలూన్ ఆయన. "ఒంట్లో బాగానే ఉందా?"

నేను నోరెత్తడానికి లేదు. ఆమె మైకు చేతికందేంత దూరంలో ఉంది.

"అన్నా, ఉన్నావా?" తర్వాత నాతో కాదు, కుర్చీలో ఉన్న మనిషితో అన్నట్టున్నాడు, "కదలకండి, ఒక్క నిమిషం. విననివ్వండి." ఫోను పెట్టెయ్యలేదు. ఎప్పుడూ ఆ ఫోనులో కత్తెర చప్పుడు వస్తూనే ఉంటుంది. ఇప్పుడు రావట్లేదు. దాని బదులు మా ఆవిడ గొంతు వస్తోంది. ఇంటర్నెట్ మీద పాట అక్కడికి చేరేసరికి కాస్త వెనకబడుతుంది. ఇక్కడ ఆమె ఎప్పుడో పాడేసిన చరణం అక్కడ ఇప్పుడు మొదలైంది.

ఇక్కడేమో ఆమె ఆఖరికి వచ్చింది. ఆ పాట నేను క్యాసెట్ల కాలం నుంచీ అమ్మాను, వేశాను. దాని ముగింపు ఎలా ఉంటుందో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. ఎప్పుడూ అక్కడికొచ్చేసరికి కిందికి లాగేసేవాణ్ణి. పల్లవిలోని మాటనే ఆమె రెండోసారి తగ్గించి, ఇంచుమించు మామూలుగా మాట్లాడినట్టు అని, ఆపేసింది.

లైసెన్సాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. మా ఆవిడ నా వైపు చూసి, ఇక మాట్లాడండి అన్నట్టు గడ్డం ఎగరేసింది. రేడియోలో ఏ చప్పుడూ లేకుండా గాలి ఖాళీగా పోతోంది. రేడియోవాడికి అంతకంటే నామర్దా లేదు. నేనిప్పుడు మాట్లాడినా ఆ మాట పాట వెనకాలే, పాట అయ్యాకే అక్కడికి చేరుతుందని నాకు తెలుసు. ఏ షరతూ తప్పినట్టు కాదు.

కానీ నా చెవిలో, సెలూన్ ఫోనులోంచి, పాట ఇంకా నడుస్తోంది. నేను మైకు మీట ముట్టుకోకుండా, ఉండు అన్నట్టు మా ఆవిడకి వేలు చూపించాను.